బీఎన్‌ఐ సభ్యత్వం: పరిచయమయ్యాక జరిగే పనిపై ఒక సమీక్ష

వ్యాపారస్తులు ఒకరికొకరు పని చూపించుకోవడానికి వారం వారం కలుసుకునే వేదికల్లో బీఎన్‌ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) అందరికంటే ఎక్కువ ప్రచారంలో ఉన్నది. అందులో చేరితే నిజంగా ప్రయోజనం ఉంటుందా అని అడిగేవారు కూడా అంతే ఎక్కువ. వ్యాపార సంస్థలకు అట్టపెట్టెలు, లేబుళ్లు, ప్యాకింగ్ సామగ్రి తయారుచేసి ఇచ్చే మా సంస్థ తరఫున నేను దాని స్థానిక బృందమైన ఒక చాప్టర్‌లో సభ్యత్వం తీసుకున్నాను, గడువు ముగిశాక ఆలోచించుకుని రెన్యువల్ కూడా చేయించుకున్నాను. ఆ అనుభవం మీద ఏర్పడిన అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ సేవలో బయటివారి కంటికి ఆనేది వారపు సమావేశం. కట్టిన రుసుముకు తగిన ఫలితాన్నిచ్చేది మాత్రం ఒక సమావేశానికీ మరో సమావేశానికీ మధ్య సభ్యుడు చేసే పని. పరిచయమైన మనిషికి మళ్లీ ఫోన్ చేయడం, ఒప్పుకున్న పని ఎంతవరకు వచ్చిందో చెప్పడం, మేలు చేసినవారికి ఆ మేలు ఎలా ఫలించిందో వివరంగా తెలియజేయడం అనే మూడు అలవాట్లను ఒక పద్ధతిలో పెట్టినందుకే నేను ఈ సేవను మెచ్చుకుంటున్నాను, ఆ మూడింటిలో చివరిదాన్ని కాస్త తక్కువగా అర్థం చేసుకున్నందుకే దానికి పూర్తి మార్కులు ఇవ్వలేకపోతున్నాను.

ఈ సంస్థ పుట్టుక తెలిస్తే దాని నిర్మాణం సులభంగా అర్థమవుతుంది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో మేనేజ్‌మెంట్ సలహాదారుగా పనిచేస్తున్న ఐవన్ మిస్నర్ 1985లో, తన పెద్ద క్లయింట్ ఒకరు చేజారిన దశలో, నమ్మకస్తులైన కొందరు వ్యాపార మిత్రులను పోగుచేసి, ఒకరికొకరం సిఫార్సులు ఇచ్చుకుందామని మొదలుపెట్టిన బృందమే తరవాత బీఎన్‌ఐ అయింది. నేడు 70కి పైగా దేశాల్లో 3 లక్షలకు పైగా సభ్యులున్నారు. ఒక్కో బృందాన్ని చాప్టర్ అంటారు, ఒక్కో చాప్టర్‌లో ఒక్కో వృత్తికి ఒక్కరికే చోటు. ఒక అకౌంటెంట్ ఉంటే రెండో అకౌంటెంట్‌ను చేర్చుకోరు. వృత్తికొకరు అనే ఆలోచన వీరికంటే చాలా పాతది. 1905లో షికాగోలో పాల్ హ్యారిస్ మొదలుపెట్టిన రోటరీ కూడా తొలిరోజుల్లో అలాగే సభ్యులను ఎంచుకుంది, సభ్యుల మధ్య వ్యాపారాన్నీ ప్రోత్సహించింది, తరవాత సేవా కార్యక్రమాల వైపు మళ్లింది. బీఎన్‌ఐ మాత్రం వ్యాపారం కోసమే కలుస్తున్నామని నేరుగా చెబుతుంది. నాకు ఈ సూటితనం నచ్చింది. స్నేహం పేరుతో పిలిచి చివర్లో అమ్మకం ప్రస్తావన తెచ్చే సమావేశాల కంటే, ఎందుకు వచ్చామో అందరికీ ముందే తెలిసిన గదిలో మాట్లాడుకోవడం మర్యాదగా ఉంటుంది.

వారపు సమావేశం సుమారు గంటన్నర పాటు, ఎక్కువ చాప్టర్లలో ఉదయం పూట పని వేళలు మొదలుకాకముందే జరుగుతుంది. 2020 నుంచి ఆన్‌లైన్‌లో కలిసే చాప్టర్లు కూడా ఉన్నాయి. అజెండా ప్రతివారం ఒకటే: ముందు కొంతసేపు మామూలు పలకరింపులు, తరవాత ప్రతి సభ్యుడూ నిమిషంలోపు తన వ్యాపారం గురించి చెప్పడం, ఒకరిద్దరు వివరంగా ప్రసంగించడం, చివర్లో ఎవరు ఎవరికి రిఫరల్ (పని వచ్చేలా చేసే సిఫార్సు) ఇచ్చారో, ఎవరివల్ల ఎవరికి పని దక్కిందో ప్రకటించడం. మొదటిసారి చూసేవారికి ఇది కాస్త యాంత్రికంగా అనిపించవచ్చు. చప్పట్లూ నినాదాలూ అందరికీ నచ్చకపోవచ్చు. అయినా వాటిని దాటి వింటే ఆ నిమిషంలోపు ప్రసంగంలో చాలా విషయం ఉందని తెలుస్తుంది.

మా చాప్టర్‌లోని బీమా సలహాదారు ఒక వారం "అన్ని రకాల వ్యాపారాలకూ బీమా చేస్తానండీ, ఎవరున్నా చెప్పండి" అన్నారు. అందరూ తలలూపారు, ఎవరికీ ఎవరూ గుర్తుకు రాలేదు. మరో వారం ఆయనే మాట మార్చి, "ఈ మధ్య కొత్తగా గోదాము అద్దెకు తీసుకున్నవారు, లేదా పాతదాని నుంచి పెద్దదానికి మారినవారు మీకు ఎవరైనా తెలిస్తే నాకు చెప్పండి, సరుకు కొత్త చోటికి చేరిన రోజు నుంచి పాత పాలసీ దానికి వర్తించకపోవచ్చు" అన్నారు. నా పక్కనున్న రవాణా వ్యాపారి వెంటనే ఫోన్ తీసి ఒక నంబరు వెతకడం మొదలుపెట్టారు. సరుకును ఒక గోదాము నుంచి మరో గోదాముకు చేర్చే వ్యక్తికి అలాంటి క్లయింట్లు ఎవరో తెలియకుండా ఎలా ఉంటుంది? అడిగినవారు తనకు ఏం కావాలో ఒక సంఘటన రూపంలో చెప్పేసరికి, వింటున్నవారి జ్ఞాపకంలోంచి ఒక మనిషి పేరు బయటికొచ్చింది. నెట్‌వర్కింగ్ గురించి నేను ఎక్కడ విన్న సలహా కంటే ఈ ఒక్క దృశ్యమే నాకు ఎక్కువ నేర్పింది. అడిగే పని ఎంత ఇరుకుగా ఉంటే సాయం చేసేవారికి అంత సులువు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా గ్రహించాలి. చాప్టర్‌లో ఎదురుగా కూర్చున్న పాతిక ముప్పై మంది మనకు క్లయింట్లు కావాలని ఆశించేవారు త్వరగా నిరాశపడతారు. అసలు విలువ వారికి తెలిసినవారిలో ఉంటుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో, మనకు దగ్గరివారి కంటే కొద్దిపాటి పరిచయస్తులే కొత్త సమాచారాన్ని, కొత్త అవకాశాలను ఎక్కువగా తెచ్చిపెడతారని వాదించారు. దగ్గరివారికి తెలిసినది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది. దూరపు పరిచయస్తుడు మనం అడుగుపెట్టని వర్గంలో తిరుగుతుంటాడు. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం లింక్డ్‌ఇన్‌లోని సుమారు 2 కోట్ల మందిపై జరిగిన ప్రయోగాల ఆధారంగా ఈ సిద్ధాంతాన్ని మళ్లీ పరీక్షించి, ఉద్యోగాలు మారడంలో బాగా సాయపడేది మరీ దగ్గరి బంధమూ మరీ పలచనిదీ కాక ఓ మోస్తరు పరిచయమేనని తేల్చింది. ఆ అధ్యయనం ఉద్యోగాల గురించే అయినా, సిఫార్సుల మీద నడిచే వ్యాపారానికీ ఆ తర్కం పనికొస్తుందని నా నమ్మకం. చాప్టర్ చేసే పని రెండంచెల్లో ఉంటుంది: వారం వారం కలవడం వల్ల సభ్యుల మధ్య గట్టి నమ్మకం ఏర్పడుతుంది, ఆ నమ్మకం ఆసరాగా ఒక్కో సభ్యుడి వెనక ఉన్న దూరపు పరిచయాల దగ్గరికి మనం చేరగలుగుతాం.

బీఎన్‌ఐ ఈ తేడాను గుర్తించే రిఫరల్ నమోదు చేసేటప్పుడు అది లోపలిదా, బయటిదా అని అడుగుతుంది. సభ్యుడే స్వయంగా కొంటే లోపలిది, తనకు తెలిసిన మూడో వ్యక్తిని పరిచయం చేస్తే బయటిది. చాప్టర్ ఆరోగ్యం తెలుసుకోవాలంటే మొత్తం అంకె కంటే ఈ రెండింటి నిష్పత్తి చూడాలి. లోపలి రిఫరల్స్ మరీ ఎక్కువైతే, సభ్యులు ఒకరి సొమ్ము ఒకరికి తిప్పుకుంటూ, కొత్త మార్కెట్‌కు చేరకుండానే సంఖ్యలు పెంచుకుంటున్నారని అర్థం.

వారపు సమావేశం కంటే నాకు ఎంతో ఎక్కువ మేలు చేసినవి వన్-టు-వన్ సమావేశాలు. ఇద్దరు సభ్యులు విడిగా, తీరిగ్గా కూర్చుని ఒకరి వ్యాపారం ఒకరు తెలుసుకోవడమే దీని ఉద్దేశం. ఇందుకోసం సంస్థ ఒక పత్రం ఇస్తుంది: లక్ష్యాలు, సాధించినవి, ఆసక్తులు, పరిచయ వర్గాలు, నైపుణ్యాలు అనే ఐదు విషయాలు అందులో రాసుకుని ఇద్దరూ మార్చుకుంటారు. చాలామంది ఆ పత్రాన్ని మొక్కుబడిగా నింపి పక్కన పెట్టేస్తారు. మా చాప్టర్‌లోని అకౌంటెంట్ మాత్రం పత్రం చూస్తూనే నన్ను ఒక ప్రశ్న అడిగారు: "మీ దగ్గరికి వచ్చే క్లయింట్ మీకు ఫోన్ చేయడానికి కాస్త ముందు వాళ్ల వ్యాపారంలో ఏం జరిగి ఉంటుందండీ?"

"ఎక్కువగా దారిలో సరుకు పగిలిందని కొన్నవాళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చి ఉంటాయండీ. లేకపోతే మొదటిసారిగా ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టి ఉంటారు" అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "పగిలి తిరిగొచ్చిన సరుకు లెక్క పుస్తకాల్లో పెరుగుతుంటే, యజమాని కంటే ముందు నాకే కనిపిస్తుందండీ. ఇకమీదట అలాంటి చోట మీ పేరు చెప్పవచ్చేమో అడిగి చూస్తాను" అన్నారు.

ఆ సంభాషణలో నేను ఒక క్లయింట్‌ను కూడా అడగలేదు, ఆవిడ ఒక పేరు కూడా చెప్పలేదు. అయినా అక్కడి నుంచి మా మధ్య రిఫరల్స్ క్రమంగా రావడం మొదలైంది. కారణం, నా పని ఎప్పుడు అవసరపడుతుందో తన పనిలోని ఏ గుర్తు ద్వారా తెలుస్తుందో ఆవిడకు దొరికింది. మా వైపు నుంచి కూడా ఇలాంటి గుర్తులుంటాయి: ఒక సంస్థ కొత్త సరుకు మార్కెట్‌లోకి తెచ్చే ముందు పెట్టెల నమూనాలు అడుగుతుంది గనుక, వాళ్లకు ట్రేడ్‌మార్క్ న్యాయవాదో, ఉత్పత్తుల ఫొటోలు తీసేవారో కావలసి వస్తారని మాకు అందరికంటే ముందు తెలుస్తుంది. అయితే ఈ సమాచారం క్లయింట్‌ది. ఆయన అనుమతి అడగకుండా దాన్ని మరొకరికి చేరవేయడం నమ్మకద్రోహమే అవుతుంది. "మాకు తెలిసిన ఒక మంచి న్యాయవాది ఉన్నారు, మీ నంబరు ఇవ్వమంటారా?" అని ముందు క్లయింట్‌ను అడిగి, ఆయన సరేనన్నాకే ఇవ్వాలి. అకౌంటెంట్ కూడా తాను చేసేది అదేనని చెప్పారు. ఈ జాగ్రత్త ఉన్న సభ్యులు ఉన్నచోటే చాప్టర్ నమ్మదగినదవుతుంది.

ఇక ఫాలో-అప్, అంటే పరిచయాన్ని వదిలేయకుండా మళ్లీ పలకరించి పని ముందుకు నడిపే సంగతి. రిఫరల్ ఇచ్చేవారు నింపే చీటీలో, మనం ఫోన్ చేస్తామని అవతలివారికి చెప్పారా, మన కార్డు ఇచ్చారా, అవసరం ఎంత తీవ్రంగా ఉందని అనుకుంటున్నారు అనే వివరాలు ఉంటాయి. తీవ్రతను 1 నుంచి 5 వరకు అంకెతో సూచిస్తారు. ఇవన్నీ చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి గానీ, పరిచయం చేసినవారు అవతలివారితో మాట్లాడి ఉంచారా లేదా అన్నదాని మీదే మొదటి ఫోన్ ఎలా సాగుతుందో ఆధారపడి ఉంటుంది. అవతలివారు మన ఫోన్ కోసం ఎదురుచూస్తుంటే అది రిఫరల్. కేవలం ఒక పేరూ నంబరూ చేతికొస్తే దానికీ దారిన దొరికిన విజిటింగ్ కార్డుకీ పెద్ద తేడా లేదు. రెండోరకం చీటీ వచ్చినప్పుడు మొహమాటపడకుండా, "మీరు ముందు ఒకసారి వారితో మాట్లాడితే బాగుంటుందండీ" అని ఇచ్చినవారినే కోరాలి.

ఫోన్ అదే రోజు చేయాలి. రిఫరల్ ఇచ్చినవారు తన క్లయింట్‌తో మన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి ఉంటారు. మనం రోజుల తరబడి ఆలస్యం చేస్తే అవతలివారి దృష్టిలో చిన్నబోయేది మనకంటే ముందు ఆయన. ఈ బాధ్యతను అందరూ ఒకేలా తీసుకోరు. కొందరు సభ్యులు రిఫరల్ అందుకునేటప్పుడు చూపే ఉత్సాహంలో సగం కూడా తరవాత చూపరు, ఇచ్చినవారు మరోసారి అడిగేదాకా ఏమైందో చెప్పరు. అలాంటివారికి రెండోసారి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు, ఈ విషయం వారి ముఖం మీద ఎవరూ చెప్పరు కూడా. రిఫరల్స్ రావడం లేదని బాధపడే సభ్యులు ముందు చూసుకోవలసింది ఇదే.

మంచి ఫాలో-అప్‌లో రెండు దిశలుంటాయని నాకు అనుభవం మీద స్థిరపడిన అభిప్రాయం. ఒకటి కొత్త క్లయింట్ వైపు, రెండోది పరిచయం చేసినవారి వైపు. రెండోదాన్నే ఎక్కువమంది మరిచిపోతారు. క్లయింట్‌తో మాట్లాడిన రోజు ఒక మాట, కొటేషన్ ఇచ్చాక ఒక మాట, పని ఖాయమైనా కాకపోయినా చివరికి ఒక మాట పరిచయం చేసినవారికి చేరాలి. పని దక్కనప్పుడు చెప్పడం మరీ ముఖ్యం. "వారికి కావలసిన పరిమాణం మా యంత్రాల మీద సాధ్యపడలేదండీ, ఆ సైజు చేసేవారి వివరాలు నేనే ఇచ్చాను" అని చెబితే, పరిచయం చేసినవారికి ఇటు మన పని హద్దులూ తెలుస్తాయి, అటు తన క్లయింట్‌ను మనం మధ్యలో వదిలేయలేదన్న ధైర్యమూ కలుగుతుంది. పైగా మరుసటిసారి ఆయన పంపే రిఫరల్ మరింత సరిగ్గా కుదురుతుంది.

కొత్తగా కలిసిన మనిషి చెప్పిన వివరాలు ఆ పూటే రాసిపెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించినట్టు, నేర్చుకున్న కొత్త విషయంలో అత్యధిక భాగం తొలి గంటల్లోనే చెదిరిపోతుంది. సభ్యులకు ఇచ్చే బీఎన్‌ఐ కనెక్ట్ యాప్‌లో రిఫరల్స్, వన్-టు-వన్ సమావేశాలు, వచ్చిన వ్యాపారం నమోదు చేయవచ్చు, మరో ఊరి సభ్యులను కూడా వెతకవచ్చు. లెక్కలకు అది సరిపోతుంది. ఎదుటి మనిషి ఏ సమస్యతో సతమతమవుతున్నారో, వచ్చే నెలలో ఏం మొదలుపెట్టబోతున్నారో, ఎవరితో పనిచేయడం ఆయనకు కష్టంగా ఉందో రాసుకోవడానికి మాత్రం నేను విడిగా ఒక నోట్‌బుక్ ఉంచుకున్నాను, అందరికీ అదే సూచిస్తాను. మళ్లీ ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నారు, ఏమైనా పని ఉందా" అనడానికీ, "కొత్త యంత్రం వచ్చిందాండీ, కరెంటు లోడు సమస్య తీరిందా" అనడానికీ మధ్య ఉన్న తేడా ఆ నోట్‌బుక్‌లోని రెండు వాక్యాల్లోనే ఉంది.

ఇప్పుడు కృతజ్ఞత దగ్గరికి వస్తాను. ఈ సేవలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నదీ, ఒక మేరకు అసంతృప్తి మిగిల్చినదీ ఇదే. రిఫరల్ వల్ల పని దక్కి డబ్బు చేతికొస్తే, దాన్ని ఇచ్చిన సభ్యుడి పేరుతో సమావేశంలో అందరి ముందూ ప్రకటించి ధన్యవాదాలు చెప్పాలని, ఆ మొత్తాన్ని నమోదు చేయాలని బీఎన్‌ఐ పద్ధతి. పెద్దపెద్ద సంస్థలు కూడా మరిచిపోయే పనిని అజెండాలో ఒక అంశంగా పెట్టి, వారం తప్పకుండా జరిపించడం నిజంగా గొప్ప విషయం. దీనివల్ల సాయం చేసిన మనిషికి తన మాట వృథా కాలేదని తెలుస్తుంది, మిగిలినవారికి ఎవరు ఎవరిని నమ్ముతున్నారో తెలుస్తుంది. ఇచ్చినవారికే దక్కుతుందన్న సంస్థ మూల సూత్రం నినాదంగా మిగిలిపోకుండా కళ్లకు కనబడేది ఆ కొద్ది నిమిషాల్లోనే.

అసంతృప్తి ఎక్కడంటే, నమోదయ్యేది డబ్బు మొత్తం మాత్రమే. పెద్ద మొత్తం ప్రకటించినప్పుడు గది దద్దరిల్లుతుంది, చిన్న మొత్తానికి మర్యాదకు చప్పట్లు పడతాయి. డబ్బుగా మారని సాయాలు ఎన్నో ఉంటాయి: ఒక మంచి సూపర్‌వైజర్‌ను చూపించినవారు, ఒక ఒప్పందంలోని ప్రమాదకరమైన షరతును గుర్తుపట్టి హెచ్చరించినవారు, బాకీ ఎగ్గొట్టే క్లయింట్ గురించి ముందే చెప్పి ఆపినవారు. ఆ సాయాలకు విడిగా ప్రశంసాపత్రం చదివే అవకాశం చాప్టర్లలో ఉంది, కానీ లెక్కల పట్టికలో నిలిచేది సొమ్మే కాబట్టి సభ్యుల మనసూ అటే పోతుంది. కృతజ్ఞతకు కొలత మొత్తమే అనే భావన కొత్త సభ్యుల్లో నాటుకోకుండా చాప్టర్ నాయకత్వం జాగ్రత్త పడాలి.

సమావేశంలో చెప్పిన ధన్యవాదం సరిపోతుందని కూడా నేను అనుకోను. అక్కడ చెప్పేది పదిమందికీ వినిపించడానికి. ఆ మనిషికి చెప్పవలసింది విడిగా ఉంటుంది. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కృతజ్ఞతా లేఖలు రాసినవారు అందుకునేవారికి అది ఇబ్బందిగా ఉంటుందేమోనని అతిగా ఊహించుకున్నారని, అందుకున్నవారికి కలిగిన ఆశ్చర్యాన్నీ ఆనందాన్నీ తక్కువగా అంచనా వేశారని తేలింది. చక్కని మాటల్లో రాయగలమా అని రాసేవారు మధనపడుతుంటే, అందుకునేవారు ఆ లేఖలోని ఆప్యాయతనే చూశారు. వ్యాపారస్తులు ధన్యవాదాలు రాయకుండా వాయిదా వేయడానికి కారణం కూడా చాలావరకు ఈ సంకోచమేనని నా అనుమానం.

ఆ అకౌంటెంట్ గారి ద్వారా వచ్చిన ఒక పని పూర్తయ్యాక నేను ఆవిడకు పంపిన సందేశం ఇలా ఉంది: "మీరు పరిచయం చేసిన సంస్థకు మొదటి విడత పెట్టెలు నిన్న అందాయండీ. వాళ్ల గోదాము మేనేజర్ కోరినట్టు మూలల్లో రెండో పొర వేశాం. మీ మాట మీద నమ్మకంతో నమూనా కూడా అడగకుండా ఆర్డరిచ్చారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే పూచీ మాది." ఇందులో అలంకారమేమీ లేదు. ఏ పని, ఎవరికి, ఎలా జరిగింది, ఆవిడ మాట అక్కడ ఏం చేసింది అన్న నాలుగు విషయాలున్నాయి. ఆవిడ దాన్ని తన క్లయింట్‌కు కూడా చూపించారని తరవాత తెలిసింది.

కార్ల అమ్మకాల్లో గిన్నిస్ రికార్డుకెక్కిన జో గిరార్డ్ తన కొనుగోలుదారులందరికీ ప్రతినెలా ఒక గ్రీటింగ్ కార్డు పంపేవాడని అమ్మకాల శిక్షణల్లో తరచూ చెబుతారు. 1963 నుంచి 1978 వరకు ఆయన 13,001 కార్లు అమ్మాడు. క్రమం తప్పకుండా గుర్తుచేయడానికి ఉన్న బలం దీనివల్ల తెలుస్తుంది. అయితే అందరికీ ఒకే వాక్యం అచ్చువేసి పంపడం ఆయన కాలంలో పనిచేసినంతగా, రోజుకు పదుల సంఖ్యలో శుభాకాంక్షల సందేశాలు ఫోన్‌లో వచ్చిపడే ఇప్పటి కాలంలో పనిచేస్తుందని నేను నమ్మను. పండుగ రోజున వందమందికి ఒకేసారి పంపిన బొమ్మ కంటే, ఏ సందర్భమూ లేని మామూలు రోజున ఒక్కరి పని గురించి రాసిన రెండు వాక్యాలు ఎక్కువకాలం గుర్తుంటాయి.

బహుమతుల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ఖరీదైన వస్తువు అందుకున్నవారికి అది రుణభారంగా మారవచ్చు, పెద్ద సంస్థల్లో ఉద్యోగులు బహుమతులు స్వీకరించడంపై అంతర్గత నియమాలుంటాయి, న్యాయవాదులు, వైద్యులు వంటి వృత్తుల్లో సిఫార్సుకు ప్రతిఫలంగా డబ్బు ఇవ్వడాన్ని, పుచ్చుకోవడాన్ని ఎన్నో దేశాల వృత్తి నియమావళులు నిషేధిస్తాయి. రిఫరల్‌కు కమీషన్ ఇస్తామని చెప్పడం తేలికే, కానీ దానితో సిఫార్సు మీదున్న గౌరవం పోతుంది. ఈ పేరు నాణ్యత చూసి చెప్పారా, వచ్చే వాటా చూసి చెప్పారా అని క్లయింట్‌కు ఒక్కసారి సందేహం వస్తే ఇక ఆ పరిచయానికి విలువ ఉండదు. కృతజ్ఞతకు అన్నిటికంటే మంచి రూపం, వారికి సరిపోయే ఒక పరిచయాన్ని మనమూ వెతికి ఇవ్వడమే.

లోపాల్లో మొదటిది సమయం. వారపు సమావేశం, వన్-టు-వన్‌లు, శిక్షణ, యాప్‌లో నమోదు కలిపితే వారంలో సగం రోజు దీనికే పోతుందనుకోవాలి. హాజరు నిబంధన కఠినం. ఆరు నెలల వ్యవధిలో గైర్హాజరులు మూడు దాటితే మన వృత్తి స్థానాన్ని మరొకరికి తెరిచే అధికారం చాప్టర్‌కు ఉంటుంది. రాలేని రోజున మన బదులు మరొకరిని పంపే వీలుంది. ఈ కఠినత్వాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే తరచూ కనిపించని మనిషిని తన క్లయింట్‌కు పరిచయం చేయడానికి ఎవరూ ముందుకు రారు. ప్రయాణాలు ఎక్కువగా ఉండే వృత్తుల వారు మాత్రం చేరేముందు బాగా ఆలోచించుకోవాలి.

రెండోది, చాప్టర్‌కూ చాప్టర్‌కూ మధ్య నాణ్యతలో ఉండే తేడా. ఇది ఫ్రాంచైజీ పద్ధతిలో నడిచే సంస్థ. పేరు, నియమాలు, అజెండా అంతటా ఒకటే అయినా, నడిపేది ఆయా ప్రాంతాల నిర్వాహకులు, చాప్టర్ సభ్యుల నుంచే వంతులవారీగా వచ్చే అధ్యక్ష, ఉపాధ్యక్ష, కార్యదర్శి బృందం. వారు పట్టుదలగా ఉన్నచోట ఫాలో-అప్ బాగా జరుగుతుంది, లేనిచోట వారపు లెక్కలు నింపడమే పనవుతుంది. అంకెల కోసం ఒత్తిడి పెరిగిన చాప్టర్‌లో సభ్యులు బలహీనమైన పేర్లను రిఫరల్స్‌గా రాసిస్తారు, అందుకున్నవారి సమయం వృథా అవుతుంది, చివరికి మంచి రిఫరల్‌ను కూడా ఎవరూ పట్టించుకోని స్థితి వస్తుంది. సభ్యుల పనితీరుకు రంగులతో గ్రేడ్లు ఇచ్చే పట్టికను కూడా ఈ దృష్టితోనే చూడాలి.

మూడోది, ఇది అన్ని వ్యాపారాలకూ సరిపోదు. నమ్మకం మీద ఎంపిక జరిగే వృత్తులకు, అంటే అకౌంటెంట్లు, న్యాయవాదులు, బీమా సలహాదారులు, ఇంటీరియర్ పనులవారు, మాలాంటి సరఫరాదారులకు బాగా కుదురుతుంది. ప్రపంచం మొత్తంలో కొద్దిమంది మాత్రమే కొనే ప్రత్యేక యంత్రభాగాలు చేసేవారికి, టెండర్ల ద్వారానే పని వచ్చేవారికి, తక్కువ ధరకు వేలమందికి అమ్మేవారికి ఇదే సమయాన్ని మరోచోట పెట్టడం మేలు. తన పని ఏమిటో బయటివారికి రెండు వాక్యాల్లో చెప్పగలిగి, ఆ పని అవసరమయ్యే సందర్భాన్ని వారు గుర్తుపట్టగలిగితేనే సిఫార్సు సాధ్యమవుతుంది. ఫలితాలు వెంటనే కావలసినవారికి కూడా ఇది సరైన దారి కాదు. సంస్థే తన శిక్షణలో ముందు కనబడటం, తరవాత నమ్మకం, ఆ తరవాతే లాభం అనే క్రమాన్ని నేర్పుతుంది. నా అనుభవంలోనూ ఆ క్రమమే నిజమైంది, మధ్య దశే అందరికీ ఎక్కువ కాలం పట్టింది.

మొత్తంగా 5కు 4 ఇస్తాను. రెన్యువల్ చేయించుకోవడానికి నన్ను ఒప్పించింది ప్రకటించిన మొత్తాలు కావు. అవసరం వచ్చినప్పుడు ఏ వృత్తివారినైనా జంకు లేకుండా నా క్లయింట్‌కు పరిచయం చేయగలిగే స్థితి నాకు ఏర్పడింది, దానివల్ల నా క్లయింట్లు ప్యాకింగ్‌కు సంబంధం లేని విషయాలకు కూడా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు. ఆ ఫోన్లు ఏ పట్టికలోనూ చేరవు, మా వ్యాపారాన్ని నిలబెడుతున్నవి మాత్రం అవే.

చేరాలనుకునేవారు ముందు విజిటర్‌గా వెళ్లి చూడవచ్చు, సాధారణంగా రెండుసార్లు అనుమతిస్తారు. సభ్యుల ప్రసంగాల కంటే సమావేశం ముగిశాక ఏం జరుగుతుందో గమనించండి: సభ్యులు తలుపు వైపు పరుగెత్తుతున్నారా, ఒకరినొకరు పక్కకు పిలిచి "ఆ పని ఎంతవరకు వచ్చిందండీ?" అని అడుగుతున్నారా? విజిటర్‌గా వచ్చిన మీకు ఆ వారంలో ఎవరైనా ఫోన్ చేశారా, చేసినవారు మీరు చెప్పిన విషయం గుర్తుపెట్టుకుని మాట్లాడారా, లేక దరఖాస్తు ఎప్పుడు నింపుతారని మాత్రమే అడిగారా? మీ వృత్తి స్థానంలో అంతకుముందు ఎవరైనా ఉండేవారా, ఉంటే ఎందుకు మానేశారో కూడా తెలుసుకోండి. వీలైతే మానేసిన ఆ మనిషితో నేరుగా మాట్లాడి, ఆ తరవాతే దరఖాస్తు నింపండి.